ప్యాడ్‌లాక్ తొమ్మిదో లైను

మా లేటన్ హైరోడ్డులో మార్లన్ మీడ్ ఎవరని అడిగితే జనం బుర్ర గోక్కుంటారు. ప్యాడ్‌లాక్ అని అడిగితే మాత్రం కబాబ్ కొట్టులో కత్తి నూరే మనిషి దగ్గర్నుంచి చర్చి గుమ్మంలో పాటల పుస్తకాలు పంచే పెద్దమ్మ దాకా అందరూ చెయ్యెత్తి ఇల్లు చూపిస్తారు. ప్యాడ్‌లాక్ అంటే తాళంకప్ప. మైకు ముందు నిలబడి లయకు తగ్గట్టు మాటలు గుప్పించే ర్యాపర్‌గా అతను పెట్టుకున్న పేరది. మన భాషలో తాళం అంటే కప్పా అవుతుంది, లయా అవుతుంది. ఇంగ్లీషుకి ఆ వసతి లేదు పాపం. అయినా మార్లన్‌కు ఆ రెండూ కలిసే వచ్చాయి.

అతన్ని పెంచింది అమ్మమ్మ ఎర్నెస్టైన్. ఆమెది మాంట్‌సెరాట్ ద్వీపం. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు అగ్నిపర్వతం బూడిద కింద ఉంది కాబట్టి తిరిగి వెళ్ళే ఆలోచన లేదు. ఆ ఊరివాళ్ళంతా మా చర్చిలో ఎడమవైపు బల్లల మీదే కూర్చుంటారు కాబట్టి వెళ్ళాల్సిన అవసరమూ లేదు. చాలాకాలం ఆసుపత్రి వంటశాలలో పనిచేసింది. మార్లన్ తల్లి మాంచెస్టర్‌లో నర్సు. డ్యూటీలు కుదిరినప్పుడల్లా వచ్చి, మళ్ళీ వచ్చేదాకా సరిపడా ముద్దులు పెట్టి వెళ్ళేది. తక్కిన పెంపకమంతా అమ్మమ్మదే.

పిల్లవాడికి నోరెక్కువ. ఆదివారం పాస్టర్ గ్రీనవే గారు ప్రసంగం మొదలుపెట్టగానే వీడూ మొదలుపెట్టేవాడు.

"మోషే సముద్రాన్ని చీల్చాడు కదా అమ్మమ్మా, మధ్యలో ఉన్న చేపలు ఎటు పోయినయ్?"

"నోటికి తాళం వేసుకో మార్లన్."

"వేశాను."

"వేస్తే మాటెట్టా వస్తంది?"

"తాళంచెవి నా దగ్గరే ఉందిగా."

ముందు బల్ల మీదున్న సిస్టర్ ఆల్థియాకు నవ్వాగలేదు. టోపీ సర్దుకుంటున్నట్టు తల వంచేసి, భుజాలు కుదుపుకుంటూ కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ బల్లల వాళ్ళందరికీ వాడు తాళంకప్పే.

వాడికి ఒక స్నేహితుడు ఉండేవాడు, ఎర్కాన్. సైప్రస్ నుంచి వచ్చిన టర్కీ కుటుంబం, తండ్రిది హైరోడ్డులో కబాబ్ కొట్టు. కుర్రాళ్ళిద్దరూ కాలేజీ వయసుకొచ్చేసరికి ఆ కొట్టు మీద గదిలో, ఉల్లిపాయ బస్తాల మధ్య, లైసెన్సు లేని రేడియో స్టేషన్ ఒకటి నడిచేది. అప్పట్లో మా వైపు అలాంటివి వీధికొకటి ఉండేవి. శనివారం మధ్యాహ్నాలు ఎర్కాన్ రికార్డులు తిప్పేవాడు, మార్లన్ మైకు పట్టుకునేవాడు. మనవడు రేడియో రిపేరు నేర్చుకుంటున్నాడని ఎర్నెస్టైన్ నమ్మకం. వేయించిన పిండి ఉండలు, డంప్లింగుల డబ్బా చేతికిచ్చి, "కరెంటు షాకు కొట్టుద్ది, చెప్పులేసుకుని పనిచేయండి" అని జాగ్రత్త చెప్పి పంపేది.

ఆ గదిలోనే మార్లన్ నోట ఆ ఎనిమిది లైన్లు పుట్టాయి. మొదటివి ఇలా ఉండేవి:

నేనొచ్చానంటే మైకే లేచి నాకు కుర్చీ వేస్తది,
నా పేరు వింటే నీ కుక్క కూడా తోక ముడుచుకుంటది.

అలా ఒక్కో మెట్టే ఎక్కుతూ, ఊపిరి తీసుకోకుండా, ఎనిమిదో లైనుకొచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, మైకును దగ్గరికి లాక్కుని అనేవాడు:

తాళంచెవి ఉంటే తియ్యి, లేదంటే నోరు ముయ్యి.

మొదటిసారి అది విన్నప్పుడు కింద కొట్టులో ఎర్కాన్ తండ్రి, పాట గొడవంటేనే గిట్టని మనిషి, కత్తి పక్కన పెట్టి గోడ మీద దబదబా బాదాడట.

ఇక్కడ ఆ లోకపు ఆచారం ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే మార్లన్ బతుకంతా దాని మీదే తిరిగింది. మనదగ్గర బాగా పాడినవాణ్ణి పూర్తిగా పాడనిచ్చి చప్పట్లు కొడతాం. వాళ్ళ దగ్గర అలా కాదు. ఒక లైను గుండెకు తగిలిందంటే జనం గోడలు బాదుతారు, గాల్లోకి చేతులు విసురుతారు, "తిప్పు, తిప్పు" అని అరుస్తారు. డీజే రికార్డు మీద చెయ్యి వేసి జుర్రుమని వెనక్కి లాగేస్తాడు. పాట మళ్ళీ మొదటినుంచి. దాన్ని రీలోడ్ అంటారు. పాటను పూర్తి చెయ్యనివ్వకపోవడమే అక్కడ అన్నిటికన్నా పెద్ద గౌరవం.

మార్లన్‌కు ఆ గౌరవం మరీ ఎక్కువైపోయింది. రేడియోలోనూ, తర్వాత హాళ్ళలోనూ, బ్రిస్టల్లో, లూటన్‌లో, సైప్రస్ సముద్రపు ఒడ్డున ఎర్కాన్ మేనమామ క్లబ్బులోనూ ఎక్కడికి వెళ్ళినా అదే కథ. ఎనిమిదో లైను పడగానే జనం అరిచేవాళ్ళు, ఎర్కాన్ చెయ్యి రికార్డు మీదికి వెళ్ళేది, మళ్ళీ కుర్చీ, మళ్ళీ కుక్క. అలా తిప్పుతూ తిప్పుతూ ఉండగా సమయం అయిపోయేది, తర్వాతివాడు వచ్చి మైకు అందుకునేవాడు.

అందువల్ల ప్యాడ్‌లాక్ తొమ్మిదో లైను ఎవరూ వినలేదు. వినకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది లేదు.

రాయడానికి అవసరమే పడలేదు మరి. జనం మాత్రం ఊరుకోలేదు. ఆ తొమ్మిదో లైను ఎంత ఘాటుగా ఉంటుందంటే రేడియో వాళ్ళే భయపడి ఆపేస్తారని ఒకడు, లూటన్‌లో కరెంటు పోయినప్పుడు మా తమ్ముడు చెవులారా విన్నాడని ఇంకొకడు చెప్పుకున్నారు. ఏముందిరా అందులో అని అడిగితే, "చెప్తే ఆ దెబ్బ ఉండదు బ్రో" అనేవాళ్ళట.

ఎర్కాన్ మంచితనం ఒకటి చాలామందికి తెలియదు. అన్నిచోట్లా జనం ఒకలాగే ఉండరు. ఒక్కోసారి హాల్లో సగం మంది కూల్‌డ్రింకుల దగ్గర నిలబడి కబుర్లాడుకుంటూ ఉంటారు. ఎనిమిదో లైను పడినా ఎవడూ కిక్కురుమనడు. అలాంటప్పుడు ఎర్కాన్ ఎవరి అరుపు కోసమూ చూడకుండా తనే రికార్డు వెనక్కి లాగి, "ఏం లైను రా నాయనా" అని తనే అరిచేవాడు. స్నేహితుడి నోరు ఖాళీగా వేలాడటం తను చూడకూడదు, ఇంకెవరూ చూడకూడదు. ఈ సంగతి మీద వాళ్ళిద్దరూ ఏనాడూ మాట్లాడుకున్నది లేదు.

ఒకసారి రికార్డుల కంపెనీ ఒకటి కబురుపెట్టింది. స్టూడియోలో అద్దం అవతల ఒక నెమ్మదస్తుడు కూర్చుని, మొదలుపెట్టమన్నాడు. మార్లన్ ఎనిమిది లైన్లు దంచి ఆగిపోయాడు. లయ మాత్రం ముందుకు పోతూనే ఉంది.

"ఆగావేంటి?" అన్నాడు అద్దం అవతలి మనిషి.

"రీలోడ్ కోసం."

"ఎవరు చేస్తారు?"

"జనం అరుస్తారు కదండీ."

"ఇక్కడ జనం లేరబ్బాయ్. నేనున్నాను, ఆ మూల కుండీలో మొక్క ఉంది. మా ఇద్దరికీ నచ్చింది. తర్వాతది చెప్పు."

మార్లన్ మంచినీళ్ళడిగి తాగాడు. గొంతు బాగాలేదన్నాడు. ఆ మనిషి మర్యాదస్తుడు, పాట పూర్తయ్యాక ఫోన్ చెయ్యమని నంబరిచ్చి, తలుపు దాకా వచ్చి మరీ సాగనంపాడు. ఆ ఫోన్ మార్లన్ చెయ్యనే లేదు.

ఆ తర్వాత కొత్త కుర్రాళ్ళొచ్చారు, కొత్త పాటలొచ్చాయి. కొట్టు మీద గదిలోకి మళ్ళీ ఉల్లిపాయలే వచ్చాయి. కొట్టులో తండ్రి కత్తి ఎర్కాన్ అందుకున్నాడు. మార్లన్ వృద్ధుల కేంద్రం వాళ్ళ చిన్న బస్సు నడిపే పనిలో చేరాడు. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళను ఎక్కించుకుని, సాయంత్రం దింపాలి. దేవుడు ఎవరికి ఏ పని తగునో చూసే ఇస్తాడని ఆ బస్సు చూస్తే అనిపిస్తుంది. దించిన మనిషి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, వంటింట్లో లైటు వెలిగేదాకా బస్సు కదలదు. వెనక కారువాళ్ళు హారన్ కొడితే, కిటికీలోంచి తల బయటపెట్టి "ఆంటీ తాళంచెవి వెతుక్కుంటందన్నా, ఒక్క నిమిషం" అంటాడు. అతనెవరో గుర్తుపట్టినవాళ్ళు హారన్ ఆపి, "ప్యాడ్‌లాకూ, ఆ ఎనిమిది చెప్పి పో" అంటారు. నడిరోడ్డు మీద ఆ ఎనిమిదీ చెప్పి, వాళ్ళు స్టీరింగు బాదుతుంటే చెయ్యూపి వెళ్ళిపోతాడు.

అలాగే జీవితం సాఫీగా గడిచిపోయేది, ఎర్నెస్టైన్‌కు ఎనభయ్యో పుట్టినరోజు రాకపోతే.

చర్చిలో కృతజ్ఞత ఆరాధన పెట్టాలని నిర్ణయమైంది. తర్వాత కింద హాల్లో భోజనాలు. ఎవరేం వండాలో అంతా పంచుకున్నాక, ఎర్నెస్టైన్ మనవడి వైపు తిరిగింది.

"నువ్వు పాడతన్నావ్."

"నేనా? ఏం పాడాలి?"

"నీ పాటే. ఇన్నేళ్ళ నుంచి నా మనవడు పాటలు కడతాడని ఈ చర్చిలో నేను చెప్పని మనిషి లేడు. నేను మాత్రం ఒక్కసారీ వినలేదు. ఎప్పుడడిగినా ఇంకోసారి అంటావ్. ఇంకెన్నిసార్లు రా, నేనేమన్నా తొమ్మిదొందల ఏళ్ళు బతికిన మెతూషెలనా?"

తప్పించుకునే దారి కనబడక, మార్లన్ వంటింట్లో నిలబడి ఆ ఎనిమిది లైన్లు చెప్పాడు. ఆమె చిక్కుడుగింజలు ఏరుతూ విన్నది. చివరిదాకా విని, గింజల పళ్ళెం పక్కన పెట్టింది.

"బాగానే ఉంది. కానీ మొదటినుంచీ చివరిదాకా నువ్వే ఉన్నావ్. నువ్వు, కుర్చీ, కుక్క. దేవుడెక్కడరా?"

మనిషికి ఒక్కోసారి నోరు బుర్రకంటే ముందే పరుగెత్తుతుంది. మార్లన్‌కు పుట్టినప్పటినుంచీ అంతే.

"దేవుడు తొమ్మిదో లైన్లో వస్తాడు అమ్మమ్మా."

ఆమె ముఖం వెలిగిపోయింది. "అట్టా చెప్పు మరి," అని మళ్ళీ పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది. "ముందు మనిషి గొప్పలన్నీ చెప్పించి, ఆఖర్న ఆయన్ను దింపుతావన్నమాట. కీర్తనల్లో కూడా అంతే. ఒక్కటి మార్చు, ఆ నోరు ముయ్యి అనేది. పాస్టరు గారు తననే అన్నారనుకుంటారు."

"ప్రార్థన చెయ్యి అంటాలే."

"తాళంచెవి ఉంటే తియ్యి, లేదంటే ప్రార్థన చెయ్యి." ఆమె ఒకసారి అనుకుని చూసుకుంది. "ఇదేదో ముందునుంచీ ఇట్టాగే ఉండాల్సింది."

ఆ ఆదివారానికల్లా సంఘమంతటికీ తెలిసిపోయింది. మార్లన్ పాటలో దేవుడు తొమ్మిదో లైన్లో వస్తాడట. పెద్దవాళ్ళు బస్సెక్కుతూ అదే మాట.

"ఎంతదాకా వచ్చాడు నాయనా దేవుడు?" అని సిస్టర్ ఆల్థియా అడిగేది. ఆమె సీటు డ్రైవరు వెనకే.

"వస్తన్నాడాంటీ. స్ట్రాట్‌ఫర్డ్ దాటాడు."

"ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చెప్పు, మేము ప్రార్థన చేస్తాం. నువ్వు మాత్రం ముందు రోడ్డు చూడు."

మార్లన్ నవ్వేవాడు గానీ లోపల నవ్వు లేదు. రాయకుండా ఏమీ కూర్చోలేదు. బస్సు నడుపుతూ, సిగ్నల్ దగ్గర ఆగి, స్టీరింగు మీద వేళ్ళతో లయ వేసుకుంటూ ఎన్నో కట్టాడు. కీర్తనల్లోంచి పెద్ద పెద్ద మాటలు తెచ్చాడు. సర్వోన్నతుడా అన్నాడు, సింహాసనం అన్నాడు. ఏదీ అతకలేదు. కుక్క తోక ముడుచుకున్న కాసేపటికే కెరూబులూ సెరాపులూ అంటూ దేవదూతలు రెక్కలాడిస్తూ దిగితే ఎలా ఉంటుంది? తన నోటికే అది తనది కాదనిపించేది. అబద్ధం ఒకటి చెప్పాడు, సరే. ఇప్పుడు ఇంకోటి, అదీ చర్చిలో, అదీ అమ్మమ్మ ఎదుట చెప్పడానికి మనసొప్పలేదు. ఆమె అడిగింది జీవితంలో ఒక్క పాట. అది కూడా తన దగ్గర సగమే ఉంది.

పాస్టర్ గ్రీనవే గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన కింద హాల్లో కుర్చీల మీద దుమ్ము తుడుస్తున్నారు. అంతా విన్నారు.

"బ్రదర్ మార్లన్, నీకొక్కడికే చెప్తన్నా, బయట అనకు. ప్రసంగానికి మూడు పాయింట్లుండాలంటారు, నాకు మూడో పాయింటు ఎప్పుడూ దొరకదు. అందుకే అక్కడ ఓ పాట పాడించేస్తాను."

"నేను పాటలోనే ఆగిపోతే, అప్పుడేం చెయ్యాలి పాస్టరు గారూ?"

"అది నాకెప్పుడూ తటస్థపడలేదు," అని ఆయన ఇంకో గుడ్డ తెచ్చి అతని చేతికిచ్చారు. ఇద్దరూ కలిసి కుర్చీలు తుడిచారు. మనసు కొంచెం తేలికయింది గానీ లైను రాలేదు.

చివరికి ఎర్కానే దారి చూపించాడు. కొట్టులో మిరపకాయలు కాలుస్తూ అన్నాడు, "ఇంత ఆలోచన దేనికిరా? తొమ్మిదో లైను దాకా పోనిస్తే కదా."

"చర్చిలో రీలోడా?"

"వాళ్ళరిస్తే తిప్పుతా, అరవకపోయినా తిప్పుతా. ఎప్పుడు తిప్పలేదో చెప్పు."

"మరి దేవుడు రావాలి కదరా."

"నాలుగుసార్లు తిప్పేసరికి అన్నాల టైమవుద్ది. దేవుడు భోజనాల దగ్గర కలుస్తాడని చెప్పు."

పుట్టినరోజు ఆరాధనకు ఎర్కాన్ సూటు వేసుకుని వచ్చాడు. అతను చర్చిలోకి రావడం అదే మొదలు. మసీదు అలవాటు కొద్దీ గుమ్మంలో బూట్లు విప్పేసి, మేజోళ్ళతో లోపలికి నడిచాడు. చుట్టూ అందరి కాళ్ళకూ బూట్లున్నాయని చూసుకునేసరికి సగం దూరం వచ్చేశాడు, చెవులు ఎర్రబడ్డాయి. వెనకాల వస్తున్న సిస్టర్ ఆల్థియా గుమ్మంలోనే ఆగింది. తన బూట్లు కూడా విప్పి, అతని వాటి పక్కన వరుసగా పెట్టి, మేజోళ్ళతోనే వచ్చి తన బల్ల మీద కూర్చుంది. అది చూసి ఆ వరుసలో మరో ఇద్దరు కూడా విప్పారు. పాస్టరు గారు ఆ బూట్ల వంక చూసి, మోషే మండుతున్న పొద దగ్గర చెప్పులు విప్పిన సంగతి ప్రార్థనలో కలిపేశారు.

పాటలయ్యాయి, వాక్యం చదివారు. కింద హాల్లోంచి మేక నీళ్ళ వాసన పైకి వస్తోంది. పేరుకే నీళ్ళు. లవంగాలు వేసి కాచిన చిక్కటి మేకమాంసం పులుసది, ఆ ద్వీపంవాళ్ళకు అది లేనిదే పండగ కాదు. అప్పుడు మార్లన్‌ను పిలిచారు. ఎర్కాన్ సౌండు బల్ల దగ్గర కూర్చుని లయ మొదలుపెట్టాడు. ఎర్నెస్టైన్ ముందు వరుసలో ఊదారంగు టోపీ పెట్టుకుని, రెండు చేతులూ కర్ర మీద ఉంచి కూర్చుంది.

కుర్చీ దగ్గర నవ్వారు. కుక్క దగ్గర ఇంకా నవ్వారు. మార్లన్ ఒక్కో మెట్టే ఎక్కాడు, ఆగాడు, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"తాళంచెవి ఉంటే తియ్యి, లేదంటే ప్రార్థన చెయ్యి."

అంతే. ఎడమవైపు బల్లలన్నీ లేచాయి. మా చర్చిలో ప్రసంగం మధ్య మంచి మాట పడితే ఊరుకునే అలవాటు లేదు. "ఆమేన్" అన్నారు. "మళ్ళీ చెప్పు బ్రదర్, మళ్ళీ చెప్పు" అన్నారు. ఎవరో బల్ల మీద చేత్తో బాదారు. ఎర్కాన్ కళ్ళు పెద్దవయ్యాయి. అతను అన్ని హాళ్ళు తిరిగాడు గానీ ఇంత మంచి జనాన్ని చూడలేదు. జుర్రుమని వెనక్కి లాగాడు.

మళ్ళీ కుర్చీ, మళ్ళీ కుక్క. మళ్ళీ ప్రార్థన చెయ్యి. మళ్ళీ లేచారు, మళ్ళీ లాగాడు. మార్లన్ ముఖంలోకి రంగు వచ్చింది. ఈ లెక్కన గట్టెక్కినట్టే.

ఇంకోసారి ఎనిమిదో లైను పడింది. ఎర్కాన్ చెయ్యి లేచింది. దాంతోపాటు ఎర్నెస్టైన్ కూడా లేచింది. కర్ర ఊతంగా నిటారుగా నిలబడి, ముందు సౌండు బల్ల వైపు తిరిగింది.

"ఎర్కాన్, ఆ చెయ్యి తీసి జేబులో పెట్టుకో నాయనా."

ఎర్కాన్ పెట్టుకున్నాడు. రెండోది కూడా పెట్టుకున్నాడు.

"మొదటిది విన్నాం. బాగుంది. మళ్ళీ మళ్ళీ విన్నాం. తర్వాతది చెప్పు మార్లన్. ఇక్కడున్నవాళ్ళు ఎవరూ చిన్నపిల్లలు కారు, వెనక్కి తిప్పుకుంటా కూర్చోటానికి."

ఆమె కూర్చుంది. లయ పోతూనే ఉంది. అందరూ ముందుకు వంగారు, తొమ్మిదో లైన్లో దేవుడు వస్తాడు కదా అని. మార్లన్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. కట్టుకున్న సింహాసనాలూ రెక్కలూ ఒక్కటీ గుర్తు రాలేదు. ఎదురుగా టోపీలు కనపడుతున్నాయి. ఆ టోపీల కింద రోజూ తను చెయ్యి పట్టి బస్సెక్కించే మనుషులు. చివర్న మేజోళ్ళతో సిస్టర్ ఆల్థియా.

అప్పుడు చాలా చిన్న గొంతుతో అన్నాడు:

"దేవుణ్ణి నే చూడలేదు, మా గడప మీదికి సూపు గిన్నె వచ్చింది,
మూత తియ్యకముందే సిస్టర్ ఆల్థియా అని దాని వాసనే చెప్పింది."

స్టూడియో నుంచి ఉత్త చేతులతో వచ్చిన ఆ చలికాలం అతను తలుపు తియ్యకుండా, ఎవరితో మాట్లాడకుండా తన అద్దె గదిలో పడి ఉన్నాడు. అప్పుడు గుమ్మం ముందు రోజూ ఒక వేడి గిన్నె ఉండేది. ఎవరూ తలుపు కొట్టేవారు కాదు, పెట్టి వెళ్ళిపోయేవారు. ఈ సంగతి చర్చిలో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

ఈసారి ముందుగా పాస్టరు గారే అన్నారు, "మళ్ళీ చెప్పు బ్రదర్."

మార్లన్ తల అడ్డంగా ఊపాడు. "మళ్ళీ కాదు పాస్టరు గారూ. ఇంకా ఉంది."

ఇంకా ఉందని ఆ మాట అనేదాకా అతనికీ తెలియదు. పదో లైను తర్వాత ఇంకోటి వచ్చింది, దాని వెనక మరోటి.

"కొట్టు మీద గదిలో ఒకడు నా పరువు రికార్డు వెనక దాచాడు,
జనం నోరెత్తని రోజున వాడే చెయ్యెత్తి నన్ను కాచాడు."

జేబుల్లో చేతులున్నవాడు కళ్ళెలా తుడుచుకుంటాడు? ఎర్కాన్ భుజానికి ముఖం రుద్దుకున్నాడు.

"కబుర్లాపమన్న చెయ్యే నా నోట్లో ముద్ద పెట్టింది,
తన ఊరు బూడిదైనా ఈ ఊళ్ళో నాకో ఇల్లు కట్టింది."

ఎర్నెస్టైన్ ఏడవలేదు. కర్రతో నేల మీద లయ వేస్తూ, పక్కనున్నావిడ చెవిలో, "విన్నావా, నేనేనది" అంది. ఆవిడకు వినపడకపోతే మళ్ళీ చెప్పింది.

ఇన్నేళ్ళూ ఎనిమిది దాటనివాడు ఇప్పుడు ఆగితే ఒట్టు. బస్సులో పిప్పరమెంటు పెట్టే పెద్దాయన వచ్చాడు పాటలోకి, హారన్ ఆపిన కారువాళ్ళు వచ్చారు, స్టూడియోలో తలుపు దాకా సాగనంపిన మనిషి వచ్చాడు, కుండీలో మొక్క కూడా వచ్చింది. వంట చూసుకునే ఆడవాళ్ళు ఒకరొకరే లేచి, మంట తగ్గించడానికి కిందికి వెళ్ళి, ఏమైనా తప్పిపోతుందేమోనని మెట్లమీద పరుగెత్తుకుని వచ్చారు. పాస్టరు గారు ఆ రోజు ప్రసంగం కాగితాలు మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. అందులో ఎటూ మూడో పాయింటు లేదు.

చివరికి ఎర్నెస్టైనే అనాల్సి వచ్చింది. "ఇక చాల్లే నాయనా. మేక చల్లారిపోద్ది."

"ఒక్క లైను అమ్మమ్మా."

"అన్నాలు తిన్నాక."

కింద హాల్లో మార్లన్‌ను తిననివ్వలేదు. పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గరికి ఒక్కొక్కరే వచ్చారు. తమను పాటలో పెట్టమని అడుగుతారేమో అనుకున్నాడు. ఒక్కరూ అలా అడగలేదు. ఒకావిడ వచ్చి, తన కాలు విరిగినప్పుడు రోజూ కుక్కను తిప్పుకొచ్చిన ఎదురింటి పిల్ల పేరు చెప్పి, వీలైతే పెట్టమంది. పెద్దాయన ఒకాయన తన చెవి మిషను బ్యాటరీ మార్చే బడ్డీకొట్టు సర్దార్జీ పేరు చెప్పాడు. మార్లన్ చెంచా గాల్లో పట్టుకుని తలాడిస్తూ విన్నాడు.

అందరి తర్వాత సిస్టర్ ఆల్థియా వచ్చి ఎదురుగా కూర్చుంది. ముఖం ఏదోలా ఉంది.

"నాయనా, నా పేరు తీసెయ్యాలి."

"ఎందుకాంటీ?"

"ఆ సూపు నేను పట్టుకొచ్చి పెట్టాను, అంతే. వండింది మా పై అంతస్తులో ఉండే పోలండ్ ఆవిడ, మిసెస్ కోవాల్‌స్కా. అప్పుడు నాకు చేతులు నొప్పులు, గరిటె పట్టలేకపోయేదాన్ని. ఆమెకు నువ్వెవరో కూడా తెలియదు. ఎవరో పిల్లాడు తినడం లేదంటే చాలు, కుండ ఎక్కించేది. చర్చిలో నా పేరు మోగిపోయింది, నాకు సిగ్గేస్తంది."

పక్కన కూర్చున్న ఎర్కాన్ రొట్టె నములుతూ, "వాసన అబద్ధం చెప్పిందిరా" అన్నాడు.

"నువ్వు తిను," అన్నాడు మార్లన్. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఆల్థియా ఉన్న చోట కోవాల్‌స్కా పట్టదాంటీ. లయ దెబ్బతింటది."

"పట్టించు. నువ్వు చేసే పని అదే కదా."

"ఇప్పుడేనా?"

"ఆవిడ పైన ఒక్కతే ఉంటది. వచ్చే ఆదివారం తీసుకొస్తాను. ఆమె ఎదుట నా పేరు చెప్పావంటే ఇక నీ బస్సెక్కను."

ఎర్నెస్టైన్ ఇంకో గరిటె మేక నీళ్ళు మనవడి పళ్ళెంలో వేసి, ఏం జరుగుతోందని అడిగింది. పదో లైను మార్చాలట అని ఎర్కాన్ చెప్పాడు. "అయితే కూర్చుని మార్చనీ," అని ఆమె పక్కకు కుర్చీ లాక్కుంది. మార్లన్ అప్పటికే చెంచాతో బల్ల అంచు మీద కొట్టుకుంటున్నాడు, పెదాలు మెల్లగా కదులుతున్నాయి: కో, వాల్, స్కా.